షెడ్డు తాళం తీయండి

మా బడి యాజమాన్యం వారికి, ఈ ఊళ్ళో ఇలాంటి బడులు నడుపుతున్న పెద్దలకు, పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకు

విశాఖపట్నం

అయ్యా, అమ్మా,

నమస్కారం. బడి పేరు ఈ లేఖలో రాయడం లేదు. రాస్తే రేపు పిల్లలు ఆ యూనిఫాం వేసుకుని ఆటో ఎక్కినప్పుడు పదిమందీ పదిరకాలుగా అడుగుతారు. ఇది ఎవరి గురించో మీకు తెలుసు. నాకు అది చాలు.

నేను కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ముప్పై నాలుగేళ్ళు లేత్ మీద పనిచేసి రిటైరైన టర్నర్‌ని. నా మనవరాలు మీ దగ్గర ఐదో తరగతి చదువుతోంది. ఆరేళ్ళుగా శనివారం పొద్దున్నే వచ్చి మీ వడ్రంగి షెడ్డులో పిల్లలతో కూర్చున్న ముసలాయన్ని నేనే. పిల్లలు లేత్ తాత అంటారు. జీతం తీసుకోలేదు, అడగలేదు. మధ్యాహ్నం ఆయమ్మ పెట్టే పులిహోరతో నాకు సరిపోయేది.

వడ్రంగి షెడ్డుకు తాళం ఎందుకు వేశారని జూన్‌లో రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. జూలైలో పదిహేడు మందిమి సంతకాలు పెట్టి ఇంకొకటి ఇచ్చాం. ఆఫీసులో ముద్ర వేసి తీసుకున్నారు, అంతే. ఆగస్టులో మాట్లాడటానికి పది నిమిషాలు ఇచ్చారు. అందులో ఆరు నిమిషాలు కొత్త స్మార్ట్ బోర్డు ఎలా పనిచేస్తుందో చూపించడానికే అయిపోయాయి. ఆ మర్నాటి నుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టడానికి లేకుండా చేశారు. అందుకే ఇలా నలుగురికీ కనబడేలా రాయాల్సి వచ్చింది. మీరు పదేళ్ళకు పైగా మంచి బడి నడిపారు. ఆ బడి పోతోందనే ఈ తగువు.

ముందు షెడ్డు సంగతి చెప్పాలి, ఎందుకంటే యాజమాన్యంలో కొత్తగా చేరిన భాగస్వాములకు అది ఉత్త రేకుల కొట్టంలా కనబడుతోంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బడి ఆవరణలో రెండు వేపచెట్లు, ఒక నిద్రగన్నేరు కూలిపోయాయి. ఊరంతా కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడుతున్న రోజులవి. పడిన చెట్లని కట్టెల అడితికి తోలేస్తే సరిపోయేది, చాలామంది అదే చేశారు. అప్పటి హెడ్మాస్టరమ్మ మాత్రం వేప మొద్దుల్ని కోయించి, ఏడాది పాటు నీడలో ఆరబెట్టించి, వాటితో నాలుగు పని బల్లలు చేయించారు. ఆ బల్లలు తడవకుండా ఉండటానికి షెడ్డు వేశారు. అంటే షెడ్డు కోసం బల్లలు రాలేదు, బల్లల కోసం షెడ్డు వచ్చింది. ఇప్పుడు మీ ఐదో తరగతిలో కూర్చున్న పిల్లలెవరూ అప్పటికి పుట్టలేదు. అయినా ఏ బల్ల ఏ చెట్టుదో వాళ్ళకు తెలుసు.

ఈ జూన్‌లో బడి తెరిచేసరికి ఆ షెడ్డుకు తాళం ఉంది. కూరమడుల్లో సగం చదును చేసి, కంకర పోసి బస్సులు నిలబెట్టారు. ఐదో తరగతి నుంచే ఐఐటీ ప్రవేశ పరీక్షలకు తయారుచేసే ఫౌండేషన్ పీరియడ్లు మొదలయ్యాయి. శనివారం పొద్దున వీక్లీ టెస్ట్. నెలాఖరు శనివారం పిల్లలు పెట్టే కూరల సంత లేదు. ఇదంతా ఎండాకాలం సెలవుల్లో, మాకెవరికీ ఒక్క మాట చెప్పకుండా జరిగింది.

ఆ షెడ్డులో ఏం జరిగేదో ఒకటి రెండు చెప్తాను. మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని టీచరమ్మ అడిగితే ప్రతిసారీ ఎనిమిదే పెద్దదనేవాడు. ఎనిమిది నాలుగు కన్నా పెద్దదే కదా, వాడి తప్పేముంది? పిచ్చుక గూడు చేస్తున్న రోజున చెక్క మీద పావు అంగుళం దగ్గర గీత పెట్టమన్నాను. ఇప్పుడు ఆ పావుని సగం చెయ్యరా అన్నాను. పెట్టాడు. మళ్ళీ సగం చెయ్యమన్నాను. స్కేలు మీద గోరు ఆనించి చూసి చూసి, "తాతా, కింద అంకె పెరిగే కొద్దీ ముక్క చిన్నదైపోతోంది" అన్నాడు. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు. అంగుళంలో ఆ పదహారో వంతు గీత చూపించి, మా నాయన కాలంలో పదహారో వంతుని వీసం అనేవారురా అన్నాను. వీసమెత్తు అన్న మాట ఎక్కడ పుట్టిందో ఆ రోజు షెడ్డులో అందరికీ తెలిసింది. లెక్కా, తెలుగూ ఒకే బల్ల మీద అయిపోయాయి.

ఇంకోసారి పీటలు చేశాం. నాలుగు కాళ్ళ పీట ఊగుతోంది. ఒక కాలు గీకితే ఇంకో కాలు లేస్తోంది. గీకి గీకి పీట కాస్తా అరచెయ్యి ఎత్తుకు వచ్చేసింది. పక్క బల్ల మీద వేరే జట్టు చేసిన మూడు కాళ్ళ పీట మాత్రం గతుకుల నేల మీద కూడా కదలకుండా నిలబడింది. ఎందుకు? వారం రోజులు అదే గొడవ. ఇళ్ళల్లో అమ్మానాన్నల్ని పీక్కుతిన్నారు. ఒకడు పొయ్యిరాళ్ళు మూడే ఎందుకుంటాయో అడిగొచ్చాడు. ఒకే గీత మీద లేని మూడు బిందువుల మీదుగా ఒకే ఒక్క సమతలం పోతుందన్న జ్యామితి సూత్రం ఆ పిల్లలకు పెద్ద తరగతుల్లో వస్తుంది. వచ్చినప్పుడు వాళ్ళు దాన్ని బట్టీ కొట్టక్కర్లేదు.

ఇలాంటి పని నా ఒక్కడిదే కాదు. పెదజాలరిపేట నుంచి ఒక పాప వస్తుంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం కదా. పడవ ఒడ్డునే ఉంటుంది కాబట్టి ఎండాకాలం సెలవులు ఇచ్చేలోపు ఆ వారం రోజులు ఆ పాప నాన్న బడికి వచ్చేవారు. వల అల్లడం చూపించేవారు. వల కన్ను చిన్నదైతే ఏ చేపపిల్లలు చిక్కుతాయో, గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపకపోతే రెండేళ్ళకి సముద్రంలో ఏం మిగులుతుందో ఆయన చెప్తుంటే, అల్లరి చేసేవాళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని వినేవారు. నిషేధం రోజులకు ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయల భృతిని పిల్లలే 61తో భాగించారు. రోజుకు 327 రూపాయల చిల్లర వచ్చింది. "ఇంట్లో అయిదుగురం" అంది ఆ పాప. మళ్ళీ అయిదుతో భాగించారు. తరవాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇది లెక్కల క్లాసో సోషల్ క్లాసో నాకు తెలీదు. ఆ తండ్రి మాత్రం ఆ రోజు మన బడిలో మాస్టారు. ఇప్పుడు ఆయన గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి, లోపలికి పిలిచేదాకా అక్కడే నిలబడుతున్నారు.

సంత గురించి కూడా ఒకటి చెప్పాలి. పిల్లలు పండించిన తోటకూర, గోంగూర, పుదీనా కట్టలు కట్టి గేటు దగ్గర అమ్మేవారు. లెక్క గోడ మీద సుద్దతో రాసేవారు. ఒకసారి 35 రూపాయలు తగ్గాయి. పెద్దవాళ్ళమైతే పోనీలెమ్మని వదిలేస్తాం. నాలుగో తరగతి పిల్లలు మధ్యాహ్నమంతా చుట్టూ కూర్చుని ఎవరెవరికి ఎంత చిల్లర ఇచ్చారో తవ్వారు. ఒకడి మీద అనుమానం వచ్చింది, వాడు ఏడ్చాడు. ఏడ్చినంత మాత్రాన తీసినట్టు కాదని ఇంకొకతె లేచి గట్టిగా వాదించింది. చివరికి వెనక వీధి మామ్మగారికి పది కాయితం అనుకుని యాభై ఇచ్చేశారని, ఇంకో కట్టకు అయిదు రూపాయలు ఎక్కువ తీసుకున్నారని తేలింది. నలుగురు వెళ్ళి అడిగితే ఆవిడ బొడ్లో సంచీ తీసి చూసుకుని నవ్వుతూ ఇచ్చేశారు. తిరిగొచ్చి అనుమానించిన పిల్లవాడికి క్లాసంతా సారీ చెప్పింది. టీచరమ్మ అంతసేపట్లో రెండే మాటలు మాట్లాడారు. ఆవిడ ఇప్పుడు మన బడిలో లేరు, ఆగస్టులో మానేశారు.

మేం అడిగేది మా ఇష్టమని, ఆటపాటల సరదా అని మీరు అనుకుంటున్నట్టున్నారు. చట్టం నాకు మా అబ్బాయి ఫోన్‌లో చదివి వినిపించాడు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా పాఠాలు ఎలా ఉండాలో చెప్తుంది. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనిపెడుతూ నేర్చుకోవాలని, పద్ధతి పిల్లల చుట్టూ తిరగాలని, భయం, ఆందోళన లేకుండా వాళ్ళ అభిప్రాయం చెప్పగలగాలని అందులో ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకా ముందుకు వెళ్ళింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల లాంటి ఊళ్ళో పనివాళ్ళ దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలని రాసింది. అది విన్నప్పుడు నాకు కాస్త గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు. ఢిల్లీలో కూర్చుని విధానం రాసినవాళ్ళకు మాలాంటివాళ్ళు గుర్తొచ్చారు. మీ గేటు రిజిస్టరులో మేం "విజిటర్".

ఇది కొత్త ఫ్యాషన్ కూడా కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని చుట్టూ చదువు అల్లాలని నయీ తాలీం ప్రతిపాదించారు. పిల్లలు వస్తువులు చేత్తో పట్టుకుని నేర్చుకునే పద్ధతి తెచ్చిన ఇటలీ ఆవిడ మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. ఆవిడ రాకముందే గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా పిల్లల బడి నడిపారు. మన మదనపల్లె పక్కన రిషి వ్యాలీ బడి వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల్లో కార్డులతో, పనులతో పాఠాలు చెప్పే పద్ధతి తయారు చేస్తే దేశంలో ఎన్నో చోట్ల అందుకున్నారు. ఈ పేర్లు నాకు నేర్పింది మన బడే, అప్పటి పేరెంట్స్ మీటింగుల్లో. ఇప్పుడు వాటిని మీకే నేను గుర్తుచేయాల్సి వస్తోంది.

ఆగస్టులో మాట్లాడినప్పుడు మీరు చెప్పిన రెండు కారణాలకు వస్తాను.

మొదటిది సేఫ్టీ. ఇందులో నా తప్పు నేను ఒప్పుకోవాలి. రెండేళ్ళ కింద ఒక పిల్లవాడికి ఉలి జారి ఎడమ బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. చెక్కను క్లాంపుతో బిగించకుండా చేత్తో పట్టుకోనిచ్చాను. ముప్పై నాలుగేళ్ళు మెషిన్ మీద ఉన్నవాణ్ణి, అలా చెయ్యనివ్వకూడదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరవాతి శనివారం ఆ పిల్లవాడి నాన్నే వచ్చి నాలుగు బల్లలకూ క్లాంపులు బిగించి వెళ్ళాడు. ఉలి రెండు చేతులతోనే పట్టాలన్న రూలు పిల్లలే రాసి గోడకు అంటించుకున్నారు. ఆ తరవాత ఎవరికీ దెబ్బ తగల్లేదు. ప్రమాదం జరిగినప్పుడు మూయని షెడ్డుని, అంతా సర్దుకున్నాక, బస్సులకు చోటు కావాల్సొచ్చినప్పుడు సేఫ్టీ పేరుతో మూశారు. మెట్ల మీద జారి పడ్డవాళ్ళు ఇంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. మెట్లు మూయలేదు కదా.

రెండోది, తల్లిదండ్రులే అడిగారని. నిజమే, అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ద్వారకానగర్ నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాకా ఎటు తిరిగినా హోర్డింగుల మీద ర్యాంకుల మొహాలే. నా కొడుకు కూడా ఒక రాత్రి, "నాన్నా, మనమ్మాయి వెనకబడిపోతుందేమో" అన్నాడు. ఆ టెన్షన్ ఇంటింటా ఉంది. అయితే ఆ టెన్షన్ తగ్గించాల్సిన బడే దాన్ని అమ్ముకుంటే ఎలా? ఐఐటీల మీద నాకేం కోపం లేదు. మా వర్క్‌షాపుకి అప్రెంటిస్‌గా వచ్చిన కుర్రాళ్ళని వందల మందిని చూశాను. కొలతలో ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చో చెప్పే టాలరెన్స్ లెక్క నోటికి చెప్పేవాళ్ళు, చెక్కాల్సిన ముక్క చేతికిస్తే లేత్ చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగం) ఎటు నుంచి బిగించాలో తెలిసేది కాదు. వాళ్ళకు తెలివి లేక కాదు. పదహారేళ్ళ పాటు ఎవరూ వాళ్ళ చేతికి ఒక వస్తువు ఇవ్వలేదు, అంతే.

ఈ మూడు నెలల్లో మామూలు ఇళ్ళ మీద ఏం పడిందో రాస్తున్నాను. ఇవి పదిహేడు కుటుంబాలు కూర్చుని చెప్పుకున్నవి.

1. సంచి బరువు. మా కిరాణా కొట్టు కాటా మీద నా మనవరాలి సంచి పెడితే 4 కిలోల 800 గ్రాములు వచ్చింది. పిల్ల బరువు 27 కిలోలు. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. అంటే 2 కిలోల 700. రెండు కిలోలకు పైగా ఎక్కువ మోస్తోంది. మూడో అంతస్తుకి, లిఫ్టు లేదు. అదే విధానంలో మూడు నుంచి ఐదో తరగతి దాకా హోంవర్క్ వారానికి రెండు గంటలు మించకూడదని ఉంది. మా ఇంట్లో ఆ రెండు గంటలు సోమవారం రాత్రికే అయిపోతున్నాయి.

2. డబ్బు. ఫౌండేషన్ మెటీరియల్‌కి 14,000 రూపాయలు, ఏడాది మధ్యలో. మా పదిహేడు మందిలో ఇద్దరు ఆటో నడుపుతారు, ఒకావిడ ఇళ్ళల్లో వంట చేస్తారు. ఆ మెటీరియల్ అర్థం చేయించడానికి మళ్ళీ సాయంత్రం ట్యూషన్. ఇంట్లో అమ్మకి తెలిసిన పని (కుట్టు, వంట, మొక్కలు) బడికి పనికొచ్చినన్నాళ్ళు ట్యూషన్ అవసరం పడలేదు. ఇప్పుడు అదే అమ్మ, "మాకేం తెలుసు బాబూ, మీరు చెప్పినట్టే" అంటోంది. ఆరేళ్ళు మీటింగుల్లో ధైర్యంగా మాట్లాడిన మనిషి.

3. పిల్లల కడుపునొప్పి. నవ్వకండి. శుక్రవారం రాత్రి కడుపునొప్పి, శనివారం టెస్ట్ అయ్యాక తగ్గిపోవడం. ఏడు ఇళ్ళల్లో ఇదే మాట. మా మనవరాలు ఇంతకు ముందు శనివారం నాకన్నా ముందు లేచి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది.

4. వెనక బెంచీ. నేను చెప్పిన ఆ పిచ్చుక గూడు పిల్లవాణ్ణి ఈ ఏడు "స్లో బ్యాచ్"లో వేశారు. పదకొండేళ్ళు కూడా నిండలేదు. పేరుకి బ్యాచ్ ఏ, బ్యాచ్ బి. పిల్లలకు అర్థం కాదనుకుంటున్నారా? షెడ్డులో వాడు మిగతా వాళ్ళకి రంపం పట్టడం నేర్పేవాడు.

5. టీచర్లు. ఇద్దరు మానేశారు. ఉన్నవాళ్ళు సిలబస్ షీట్లో టిక్కులు పెట్టుకుంటూ పరుగెడుతున్నారు. వాళ్ళ ఉద్యోగాల గురించి ఇంతకన్నా రాయను.

ఇక్కడ ఇంకో మాట. సర్కారు బడిలో విద్యాహక్కు చట్టం కింద యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మనలాంటి ప్రైవేటు బడికి ఆ సెక్షన్ వర్తించదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా సర్కారు బడుల్లో తల్లిదండ్రుల్ని పిలిచి మెగా మీటింగ్ పెట్టారు. మా పక్కింటి కూలీ మనిషి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళొచ్చాడు. ఫీజు కట్టే మాకు పది నిమిషాలు, అందులో ఆరు స్మార్ట్ బోర్డుకి. చట్టం అడగలేదని మీరు పిలవకపోతే తప్పు లేదనుకోవచ్చు. కానీ మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్ళం మేం, చట్టాన్ని చూసి కాదు.

మా కోరికలు ఇవి.

ఒకటి. దసరా సెలవుల తరవాత బడి తెరిచే రోజుకల్లా షెడ్డు తాళం తీయాలి. మూడో తరగతి నుంచి ప్రతి క్లాసుకీ వారంలో రెండు వరస పీరియడ్లు చేతిపనికి ఇవ్వాలి. టైంటేబుల్లో రాసి ఇవ్వాలి, ఖాళీ ఉంటే చూద్దాం అంటే ఒప్పుకోం. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, కళ్ళద్దాలు మేం కొనిస్తాం. నేను ఉన్నా లేకపోయినా ఒక టీచరు తప్పనిసరిగా ఉండాలి.

రెండు. ఎనిమిదో తరగతి లోపు ఫౌండేషన్ పీరియడ్లు బడివేళల్లో పెట్టొద్దు. కావాలన్నవాళ్ళకి సాయంత్రం వేరేగా పెట్టుకోండి, దాని ఫీజు వాళ్ళ దగ్గరే తీసుకోండి. బ్యాచ్ ఏ, బ్యాచ్ బి రేపే ఎత్తేయాలి. దీనికి దసరా దాకా ఆగక్కర్లేదు.

మూడు. మిగిలిన కూరమడుల్ని ముట్టుకోవద్దు. బస్సులు బయట ఖాళీ స్థలంలో నిలబెట్టడానికి స్థలం యజమానితో మాట్లాడాం, ఆయన ఒప్పుకున్నారు. అద్దె ఎంతో జూలై ఉత్తరంలోనే రాశాం. చదివి ఉంటే మీకు గుర్తుండాలి.

నాలుగు. నెలకొక శనివారం సంత, అదే రోజు పిల్లలు కూర్చుని మాట్లాడుకునే సభ ఉండాలి. తల్లిదండ్రులు తమ పని తెచ్చి చూపించే రోజు ఎప్పటిలాగే ఉండాలి. ఎక్స్‌కర్షన్ అంటే వాటర్ పార్కు ఒక్కటే కాదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి, తొట్లకొండ మీద పాత బౌద్ధ ఆరామం ఉంది, ఫిషింగ్ హార్బర్ ఉంది. ఖర్చు కూడా తక్కువే.

ఐదు. తల్లిదండ్రుల కమిటీ ఒకటి వేయాలి, సభ్యుల్ని మేం ఎన్నుకుంటాం. ఫీజు, టైంటేబుల్, స్థలం విషయాల్లో మార్పు చేసే ముందు ఆ కమిటీతో మాట్లాడాలి. వాట్సాప్ గ్రూపు అందరికీ తెరవాలి. తిట్లు వస్తాయని భయమైతే నియమాలు మేమే రాసిస్తాం.

ఆరు. మీ కొత్త బ్రోచర్‌లో నాలుగో పేజీ చూడండి. "చేతులతో నేర్చుకునే బడి" అని పెద్ద అక్షరాలు, కింద షెడ్డు ఫోటో. అందులో చిత్రిక పట్టిన చెయ్యి నాది, పక్కన నిలబడ్డ పాప నా మనవరాలు. తాళం తీయండి, లేదా ఆ పేజీ తీసేయండి. రెండూ ఉంచి అడ్మిషన్లు తీసుకోవడం కుదరదు.

తోటి తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఫౌండేషన్ కావాలని అడిగిన వాళ్ళకు ఒక మాట. మీ మీద మాకు పంతం లేదు. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి బడి ఎదురు రావిచెట్టు కింద కూర్చుంటాం. రండి, మీ భయం మీరు చెప్పండి, మా భయం మేం చెప్తాం. మీ పిల్లలు షెడ్డులో చేసిన పీటలు మీ ఇళ్ళల్లో ఉన్నాయి, కూర్చోవడానికి అవే పట్టుకురండి.

యాజమాన్యం వారికి చివరిగా సామాన్ల సంగతి. తాళం వేసిన షెడ్డులో రెండు చేతి రంపాలు, ఆరు ఉలులు, ఒక చిత్రిక, రసమట్టం నా సొంతవి. మార్చిలోనే నూనె రాశాను కానీ, ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టడానికి ఎన్నాళ్ళో పట్టదు. వాటిని వెనక్కి అడగడం లేదు. లోపలికి వెళ్ళి మళ్ళీ నూనె రాయడానికి ఒక గంట ఇవ్వండి. ఏ శనివారమైనా సరే, ఎనిమిదింటికి గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు,
లేత్ తాత
కంచరపాలెం
(పదిహేడు కుటుంబాల తరఫున)